బెత్తెడు చాకు ముచ్చట

చెల్లెళ్ళూ, ఈసారి చాకు ముచ్చట పెట్టుకుందాం. కూరగాయలు తరిగే చాకు కాదు, మడిచి సంచిలో వేసుకుని ఊరంతా వెంట తిప్పుకునే చిన్న చాకు.

"ఆడోళ్ళకు బ్యాగుల కత్తెందుకక్కా, ఎవర్ని పొడవాలె?" అని నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వడం అయ్యాక నాకొక్క సంగతి చెప్పండి. పొద్దున లేచినప్పటి నుంచి ఇంట్లో కోసేది, తరిగేది, చెక్కు తీసేది ఎవరు? మనమే కదా. అదే గడప దాటితే? కుట్లు ఊడిన దారాన్ని పళ్ళతో కొరుకుతాం. పార్సిల్ టేపును తాళంచెవితో గీకుతాం. బీదర్ బస్సులో పిల్లవాడు జామకాయ అడిగితే గింజలతో సహా కొరికి ముక్కలు పెడతాం. కోసే పనంతా మనది, బయట కోసే పనిముట్టు మాత్రం మగవాళ్ళ జేబులో. మన బట్టలకు జేబులు కుట్టరు కాబట్టి జేబు చాకూ మనది కాకుండా పోయింది.

వెనకట ఇట్లా లేదు. నానమ్మల నడుముకు వక్కాకుల సంచి ఉండేది, అందులో అడకత్తెర ఉండేది. రెండు పిడులు, ఒక పదునైన అంచు, మడిస్తే అరచేతిలో ఇమిడేది. పెళ్ళికి పోయినా పేరంటానికి పోయినా అది వెంటే. దాన్ని చూసి ఎవరైనా భయపడ్డారా? చేనుకు పోయేటప్పుడు కొడవలి నడుములో దోపుకుని నడిచిన అమ్మలు మన జహీరాబాద్ చుట్టూ ప్రతి ఊళ్ళో ఉన్నారు. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల ఆడవాళ్ళనే చూడండి. జొన్న, కొర్ర, సజ్జ కోసిన ఆ చేతులే వీడియో కెమెరా పట్టాయి. 2008లో మాచ్నూర్‌లో సంఘం రేడియో పెట్టి మైకు పట్టాయి. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజు ఆ సంస్థకు వచ్చింది. చేతికి కావలసిన పనిముట్టు ఏదో ఆ అక్కలు ఎవర్నీ అడిగి తేల్చుకోలేదు. మనమూ అడగొద్దు. కానీ కొనేముందు ఆలోచిద్దాం.

మొట్టమొదట తేల్చుకోవలసింది ఒక్కటే: దాంతో మీరు ఏం కోస్తారు? దుకాణంలో చాకు చూడకముందే ఇది తేలాలి. ఒక వారం పాటు "ఇప్పుడు చాకుంటే బాగుండు" అనిపించినప్పుడల్లా గుర్తుపెట్టుకోండి. టైలరింగ్ చేసే చెల్లికి దారాలు, లేసులు. కిరాణా నడిపే చెల్లికి అట్టపెట్టెలు, సుతిలి. అల్లం, ఆలుగడ్డ సేద్యమున్న ఇంటి కోడలికి గోనెసంచి మూతి, డ్రిప్పు పైపు ముక్క. బడికి పోయే టీచరమ్మకు మధ్యాహ్నం తినే పండు. ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ జానెడు కత్తి అక్కర్లేదు. చెరుకు గడ నరకాలంటారా, దానికి ఇంట్లో కత్తి వేరే ఉంది. మడత చాకుతో నరికే పని పెట్టుకుంటే కీలు వదులైపోతుంది.

మీలో కొందరు నోరు తెరిచి అనకపోయినా మనసులో అనుకునే మాట ఒకటుంది. "రాత్రిపూట డ్యూటీ నుంచి వస్తాను, ధైర్యానికి ఉంటుందని." చెల్లీ, కోపం తెచ్చుకోకుండా విను. భయంతో చాకు కొనొద్దు. ఎవడో మీద పడినప్పుడు బ్యాగు జిప్పు తీసి, అడుగున వెతికి, గోరుతో చాకు విప్పేంత తీరిక ఉండదు. ఒకవేళ విప్పినా, చిన్న చాకు వాడాలంటే అతనికి మరింత దగ్గరగా పోవాలి. అతని బలం ఎక్కువైతే అది అతని చేతిలోకి పోతుంది. మడత చాకు బిగువుగా పట్టుకుని పొడిచే వస్తువు కాదు, మడత పడితే తెగేది మన వేళ్ళే. ఆపదకు ఫోను, గట్టి గొంతు, జనం ఉన్న వైపు పరుగు. 112కు కొట్టండి. మన తెలంగాణలో ఆడవాళ్ళ భద్రతకు పెట్టిన పోలీసు షీ టీమ్స్ 2014 నుంచీ పనిచేస్తున్నాయి. చాకును పండ్లకూ పార్సిళ్ళకూ ఉంచుకోండి.

ఇగ పొడవు సంగతి. బ్లేడు బెత్తెడు మించొద్దు. మన నాలుగు వేళ్ళూ దగ్గర పెట్టి చూస్తే ఎంత వెడల్పో అంత, అంటే రెండున్నర నుంచి మూడు అంగుళాలు. ఆ మాత్రం ఉంటే జామకాయ, యాపిల్, చిన్న మామిడికాయ చక్కగా తెగుతాయి. అంతకన్నా పెద్దదైతే బస్సులో పక్కన కూర్చున్నామె కొంగు సర్దుకుని జరిగి కూర్చుంటుంది. దారాలు, మందుల అట్టలు మాత్రమే కోసేవాళ్ళకు ఒకటిన్నర అంగుళం చాలు.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నియమాలు చూస్తే, బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు గానీ 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మన బెత్తెడు చాకు ఆ లెక్కకు చాలా దూరం. అయినా బటన్ నొక్కితే టక్కున బయటికి దూకే రకం జోలికి పోకండి. మన పనులకు దాని అవసరమే లేదు, పైగా దాన్ని చూస్తే ఏ పోలీసు అయినా నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడుగుతాడు. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు నిషేధాజ్ఞలు పెడితే చాకు ఇంట్లోనే ఉండాలి. హైదరాబాద్ పోయి మియాపూర్‌లో మెట్రో ఎక్కే రోజు కూడా అంతే, స్కానింగ్ దగ్గర ఆపేస్తారు. విమానం ఎక్కేవాళ్ళు లోపలికి పంపించే పెద్ద పెట్టెలో వేయాలి, చేతి సంచిలో కాదు. కోర్టు, పరీక్ష హాలు వేరే చెప్పాలా? బడికి పోయే పిల్లల సంచిలో పొరపాటున కూడా ఉండొద్దు.

లాకు విషయం జాగ్రత్తగా చూడండి. మడత చాకుల్లో రెండు జాతులు. ఒకటి లాకు లేనిది. లోపలి స్ప్రింగు బిగువు మీదే బ్లేడు నిలబడుతుంది, కాస్త గట్టిగా నెడితే మూసుకుంటుంది. పండు కోయడానికి, దారం తెంపడానికి అది చాలు. రెండోది లాకు ఉన్నది. పిడి లోపలి సన్నటి రేకు పక్కకు జరిగి బ్లేడుకు అడ్డం నిలిచేది ఒక రకం, పిడి వీపు మీద నొక్కితే వదిలేది ఇంకో రకం. ఫ్రాన్స్‌లో సవోయ్ అనే కొండ ప్రాంతంలో 1890లో పుట్టిన ఒపినెల్ చాకుకు 1955లో మెడ దగ్గర తిప్పే ఉంగరం వచ్చింది, తిప్పితే బ్లేడు కదలదు. అట్టపెట్టెలో మొన గుచ్చే పని, గోనె కుట్టు విప్పే పని ఉన్నవాళ్ళకు లాకు ఉండడమే మంచిది. మొనతో గుచ్చేటప్పుడే బ్లేడు మడత పడేది, వేలు తెగేది. సన్న రేకు లాకులో ఒక చిక్కుంది. మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది. బ్లేడు సగం మూతపడగానే వేలు పక్కకు తీయడం అలవాటు చేసుకోవాలి.

దుకాణంలో చాకు విప్పి, పక్కలకు, పైకీ కిందికీ మెల్లగా కదిపి చూడండి. లొడలొడలాడితే పక్కన పెట్టేయండి. మూసినప్పుడు మొన పిడిలో పూర్తిగా మునగాలి. వేలు పైనుంచి జారిస్తే ఏదీ తగలకూడదు. ఆ తర్వాత మీ గోరుతోనే నాలుగుసార్లు విప్పండి. చాలా చాకులకు గోరు పెట్టి లాగే గాడి ఉంటుంది. స్ప్రింగు మరీ బిగువైతే గోరు విరుగుతుంది, చెయ్యి తడిగా ఉంటే అసలు రాదు. దుకాణపాయన విప్పి చూపించి "మస్తు స్మూతుందమ్మా" అంటే తలూపకండి, రోజూ విప్పేది ఆయన కాదు. పిడి మీ గుప్పిట్లో నిండుగా ఉండాలి. రంగు ఎరుపో పసుపో తీసుకోండి. చెరుకాకు చెత్తలో పడినా, బ్యాగు అడుగున పడినా కంటికి కనిపిస్తుంది.

ఉక్కు దగ్గర చాలామంది మోసపోతారు. "స్టెయిన్‌లెస్" అని రాసి ఉంటే చాలనుకుంటారు. 1913లో షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు తీసినప్పటి నుంచి దాంట్లోనూ వందల రకాలు వచ్చాయి. మెత్తటిది పది అట్టపెట్టెలకే మొద్దుబారుతుంది. మరీ గట్టిది నెలల తరబడి పదునుంటుంది గానీ మొద్దుబారాక ఇంట్లో సాన పట్టడం మన వల్ల కాదు. పెట్టె మీద రాక్‌వెల్ గట్టిదనం 55 నుంచి 58 మధ్య రాసి ఉంటే మనకు సరిగ్గా సరిపోతుంది. కార్బన్ ఉక్కు చాకులూ దొరుకుతాయి. తేలిగ్గా పదునెక్కుతాయి, కానీ మామిడికాయ, నిమ్మకాయ కోస్తే నల్లబడతాయి, వానాకాలంలో తడి తుడవకపోతే తుప్పు. పాత ఇనుప కత్తిపీటతో కాపురం చేసినవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఒక గొప్ప చెప్పుకోనివ్వండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారసీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవాళ్ళు. అలాంటి గడ్డ మీద ఉండి రేకు చాకు కొని మోసపోతే పరువు తక్కువ కదా!

చాకుతో పాటు కత్తెర, స్క్రూడ్రైవర్, రంపం, సీసా మూత తీసేది అన్నీ ఉన్నవి చూసి మనసు లాగుతుంది. స్విట్జర్లాండ్‌లో 1884లో కార్ల్ ఎల్స్‌నర్ అనే ఆయన కత్తుల పని మొదలుపెట్టాడు. 1909లో వాళ్ళమ్మ పోతే ఆమె పేరు, విక్టోరియా, తన సరుకుకు పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కుకు వాడే 'ఇనాక్స్' దానికి చేర్చి విక్టోరినాక్స్ అయింది. లోకమంతా మగవాళ్ళ జేబుల్లో తిరిగే చాకు మీద ఒక అమ్మ పేరుంది చూశారా! వాళ్ళ చిన్న రకాల్లో బ్లేడు, చిన్న కత్తెర, గోళ్ళ ఆకురాయి ఉంటాయి. కుట్టుపని చేసేవాళ్ళకు బ్లేడు కన్నా ఆ కత్తెరే ఎక్కువ పనికొస్తుంది. అంతవరకు సరే. పన్నెండు పనిముట్లున్నది మాత్రం వద్దు. బరువు పెరుగుతుంది, వాడేది రెండే.

కొన్నాక దాన్ని బ్యాగులో ఊరికే పడేయకండి. చిల్లర, మట్టి, బియ్యపు గింజలు కీలులో దూరతాయి. చిన్న గుడ్డ సంచి కుట్టి అందులో ఉంచండి. పండు కోశాక తుడిచి, ఆరాకే మడవండి. నెలకోసారి కీలు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురుకట్టి చాకు తెరుచుకోదు.

పదును పెట్టడం మీరే నేర్చుకోండి. వీధిలో సాన చక్రం తిప్పుకుంటూ వచ్చే అతనికి కత్తిపీట ఇవ్వండి, కూరగాయల చాకు ఇవ్వండి, ఈ సన్న బ్లేడు ఇవ్వకండి. చక్రం వేడికి అంచు దెబ్బతింటుంది, ఇనుమూ అరిగిపోతుంది. సానరాయి తడిపి, చాకు వీపు కింద మూడు రూపాయి బిళ్ళలు పట్టేంత ఎత్తులో పట్టుకుని, అంచు ముందుకు పెట్టి మెల్లగా తోయండి. ఈ పక్క పదిసార్లు, ఆ పక్క పదిసార్లు. రాయి లేకపోతే పింగాణి కప్పు అడుగున గరుకుగా ఉండే అంచూ పనికొస్తుంది. పదును చూడ్డానికి బొటనవేలు పెట్టొద్దు, పాత పేపరు పట్టుకుని కోసి చూడండి. చరచరా తెగితే చాలు. మొద్దు చాకుకే బలం ఎక్కువ పెట్టి నొక్కుతాం, జారేదీ వేలు కోసేదీ అప్పుడే.

అత్తగారు ఏమంటారో అని ఆలోచించే చెల్లెళ్ళకు ఒక్క మాట. బాలింతరాలి తలాపున కొడవలి పెట్టిన ఇళ్ళు మనవి. ఇనుము ఆడవాళ్ళ దగ్గర ఉండకూడదని ఏ పెద్దమ్మా చెప్పలేదు. చేతి నుంచి చేతికి కత్తి ఇస్తే తగవు వస్తుందంటారు కాబట్టి కింద పెట్టి తీసుకోమనండి. ఆ పద్ధతి మంచిదే, వేళ్ళూ తెగవు, అత్తగారి మనసూ నొవ్వదు.

చివరగా, ఒకటి కొన్నాక నెల రోజులు వాడి చూడండి. అది దేనికి బయటికి వచ్చిందో లెక్క మీకే తెలుస్తుంది. రోజూ బయటికి వస్తోందంటే సరైనదే కొన్నారు. ఒక్కసారి కూడా రాలేదంటే అది మీకు అక్కర్లేని వస్తువు. వంటింట్లో పెట్టుకోండి, ఇంకో పెద్దది కొనే ఆలోచన మాత్రం మానుకోండి. సరేనా? మీరేం కోశారో నాకూ రాయండి, వచ్చేసారి ఆ ముచ్చట చెప్పుకుందాం.