అలవాటైపోయిందని రాశావు

చిరంజీవి చిట్టికి,



నీ మెసేజ్ మళ్ళీ మళ్ళీ చదివాను. లీడ్స్‌లో చలి మొదలైందని, కుక్కర్ గాస్కెట్ దొరకట్లేదని రాస్తూ మధ్యలో ఆ సంగతి జారవిడిచావు. వార్డులో ముసలాయనెవరో నీ చెయ్యి తన మీద పడకూడదన్నాడని, తెల్లమ్మాయిని పంపమన్నాడని, ఇంచార్జి నిన్ను పక్క బేకి మార్చేసిందని. ఆ కిందే “పర్లేదు పెద్దమ్మా, అలవాటైపోయింది” అని ఒక ముక్క. ఆయన మాట కన్నా నీ ముక్కే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

దానికి తోడు మీ అమ్మ ఫోన్లో ఇంకోటి చెప్పింది. డ్యూటీలో నువ్వు నీళ్ళు తాగడం మానేశావట. తాగితే బాత్రూంకి వెళ్ళాలి, వెళ్తే “మళ్ళీ ఎటు పోయింది” అంటారని భయమట. పన్నెండున్నర గంటల లాంగ్ డే అంతా ఒక్క కప్పు టీతో నెట్టుకొస్తున్నావట. నిజమేనా చిట్టీ?

ముందు ఈ నీళ్ళ సంగతి తేల్చుకుందాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆసుపత్రిలో నర్సులకి వేరే బాత్రూం లేదు. ఒంటికి వెళ్ళాలంటే ఆవరణంతా దాటి హాస్టల్‌కి నడవాలి. వార్డు వదిలి వెళ్తే మేట్రన్ ఊరుకునేది కాదు. అందుకని మే నెల ఎండల్లో కూడా ఎవరం గుక్కెడు నీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. నాతో చేరిన అమ్మాయి ఒకరోజు ఇంజెక్షన్ ట్రే చేతిలో ఉండగానే వణుకుతూ కూలబడింది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకిందన్నారు. ఎంత బాగా పాడేదో ఆ పిల్ల! క్రిస్మస్‌కి వార్డు వార్డుకీ తిప్పి పాడించేవాళ్ళు. బాలింతలు పసివాళ్ళని ఎత్తుకుని గుమ్మాల్లోకి వచ్చి వినేవాళ్ళు. ఆ ఏడు తను రోగిగా మంచం మీద పడుకుని ఉంది.

ఆడవాళ్ళకి మూత్రం బయటికొచ్చే గొట్టం పొట్టి, క్రిములు తొందరగా పైకెక్కుతాయి. ఇది నీకు నేను చెప్పాలా? రోగికి యూరిన్ ఎంత వచ్చిందో గంటగంటకీ చార్టులో రాస్తావే, నీ చార్టు ఎవరు రాస్తారు తల్లీ? ఆరు గంటలు దాటి పనిచేసేవాళ్ళకి 20 నిమిషాల విరామం ఇవ్వాలని బ్రిటన్‌లో 1998 నుంచి నిబంధన ఉంది. అది ఇంచార్జి దయ కాదు. డ్యూటీ ఎక్కేముందు ఒక గ్లాసు, హ్యాండోవర్ అవగానే ఒకటి, మందుల రౌండ్ అయ్యాక ఒకటి. వస్తే వెంటనే వెళ్ళు. “బ్రేక్‌కి వెళ్తున్నాను” అని చెప్పి వెళ్ళు, సంజాయిషీ అక్కర్లేదు. మూత్రం రంగు చూసుకో. ముదురు పసుపుగా ఉంటే నాకు కోపం వస్తుంది.

కసురుతున్నాననుకోకు బంగారం. బడి నుంచి వస్తూనే చెంబు ఎత్తి గటగటా తాగి, నా కొంగుకి మూతి తుడుచుకునేదానివి. ఆ పిల్ల నోరు ఎండబెట్టుకుని తిరుగుతోందంటే నాకెలా ఉంటుంది?

ఇక ఆ ముసలాయన సంగతి. నాకూ ఒకావిడ తగిలింది. ఆపరేషన్ అయి దాహం దాహం అంటే దూదితో పెదాలు తడిపాను, తర్వాత చెంచాతో నీళ్ళు పట్టాను. కాస్త తేరుకున్నాక నా ఇంటిపేరు అడిగింది. చెప్పాను. ఆ పూట నుంచి నా చేతి నీళ్ళు ముట్టలేదు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. మా సీనియర్ సిస్టర్ నన్ను అక్కణ్ణుంచి కదపలేదు. మంచం దగ్గరికొచ్చి “ఈ మంచానికి ఈ సిస్టరే” అని అందరూ వినేలా చెప్పింది. ఆవిడ డిశ్చార్జి అయ్యేదాకా నేనే చూశాను. మీ ఇంచార్జి నిన్ను పక్కకి మార్చి ఆయన కోరిక తీర్చింది, శిక్ష నీకు పడింది. అది నాకు నచ్చలేదు. ప్రాణాపాయం లేని రోగి జాతి పేరుతో సిబ్బందిని వేధిస్తే చికిత్స నిరాకరించే వీలు 2020 ఏప్రిల్ నుంచి మీ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లోనే ఉంది. ఎవరికీ వైద్యం మానమని నేననను. ఆ పని మన చేతులకి రాదు. కానీ మీరు డాటిక్స్ అంటారే, ఆ సంఘటన రిపోర్టు రాయి. తేదీ, టైము, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారు, ఇంచార్జి ఏం చేసింది, అన్నీ. నకలు ఇంట్లో పెట్టుకో. 2010 సమానత్వ చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళాల్సివస్తే గడువు నెలల్లోనే అయిపోతుంది.

అలవాటైపోయిందని నోరు అంటుంది, ఒళ్ళు అనదు. నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో ఆర్లీన్ జెరోనిమస్ అనే అమెరికా పరిశోధకురాలి గురించి చదివాను. తెల్లవాళ్ళలో పదిహేను పదహారేళ్ళ తల్లుల కన్నా ఇరవైల్లో ఉన్న తల్లుల బిడ్డలు బాగా బతుకుతుంటే, నల్లజాతి స్త్రీలలో అది తిరగబడిందని ఆవిడ గమనించింది. ఏళ్ళ తరబడి పడిన వివక్ష, లేమి ఆ ఒంటిని వయసు కన్నా ముందే అరగదీస్తాయని 1992లో రాసింది. అవమానం జరిగినప్పుడల్లా బీపీ, కార్టిసాల్ ఎక్కుతాయి. రోజూ జరిగితే అవి దిగాల్సినంత దిగవు. నువ్వు బీపీ చూపించుకుని ఎన్నాళ్ళయింది? మన ఇంట్లో ఎవరెవరికి ఉందో తెలుసు కదా.

ఇంకోటి. ఒంట్లో బాగోకపోతే వేలికి పెట్టే ఆ ఆక్సిజన్ క్లిప్పు అంకె ఒక్కటే నమ్మకు. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా అది పసిగట్టకపోవడం తెల్లవాళ్ళలో కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో మిచిగాన్ డాక్టర్లు తేల్చారు. ఆయాసం ఉంటే ఉందని గట్టిగా చెప్పు. చామనచాయ వాళ్ళు అక్కడ ఏడాది పొడుగునా రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోవడం మంచిదని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది. తీసుకో. ముఖానికి రాసే ఆ క్రీములు మాత్రం వద్దు. తెలుపు చేస్తామనేవాటిలో కొన్నిట్లో పాదరసం, స్టెరాయిడ్లు ఉంటాయి. పెళ్ళిచూపుల్లో నీ రంగు గురించి అన్నవాళ్ళ మాట నువ్వు ఇంకా మోస్తున్నావని నాకు తెలుసు. నా కళ్ళకి నువ్వెప్పుడూ నిండుగానే ఉన్నావు.

ఆడ్రీ లార్డ్ అని నల్లజాతి కవయిత్రి ఒకావిడ, క్యాన్సర్ కాలేయానికి పాకాక కూడా రాస్తూనే ఉండి, తన ఆరోగ్యం చూసుకోవడాన్ని పోరాటంలో భాగంగానే లెక్కేసింది. ఆ మాట రాసిన పుస్తకం 1988లో వచ్చింది. దొరికితే చదువు. చదివే ఓపిక లేకపోతే పడుకో, నిద్ర ముందు.

ఒంటరిగా కూర్చోకు. మలయాళీ పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు ఉన్నారన్నావుగా, వాళ్ళతో కలిసి తిను. 2024 ఆగస్టు అల్లర్లలో సండర్లాండ్‌లో డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సుల మీద దాడి జరిగిందని విన్నప్పుడు నీ కోసం ఎంత హడలిపోయానో. నైట్ దిగాక ఇద్దరు ముగ్గురు కలిసే బస్సెక్కండి.

గాస్కెట్, కందిపొడి, గోంగూర పచ్చడి పక్కవీధి వాళ్ళబ్బాయితో పంపిస్తున్నాను. కుక్కర్ ఎన్ని లీటర్లదో వెంటనే రాయి. జీతం స్లిప్పు తీసి, యూనియన్ చందా కట్ అవుతోందో లేదో చూసి అది కూడా రాయి. కట్ అవ్వకపోతే ఈ వారమే చేరు.

నీ పెద్దమ్మ