బడి డబ్బు – తల్లిదండ్రుల హక్కు

కాలువకు నీళ్ళు వదిలారనగానే చివరి మడి తడిసిందని ఏ రైతూ నమ్మడు. తూము దగ్గర ఎంత వదిలారో ఆఫీసు పుస్తకంలో ఉంటుంది. చివరి పొలానికి ఎంత చేరిందో ఆ పొలం రైతుకే తెలుస్తుంది. పేదపిల్లల చదువుకోసం ప్రభుత్వాలు విడుదల చేసే డబ్బు సంగతీ ఇంతే. అది పిల్లవాడిదాకా చేరిందా లేదా అన్నది చెప్పగలిగినవాళ్ళు తల్లిదండ్రులు. ఈ చిన్న సత్యాన్ని చట్టంలోకి ఎక్కించి, మళ్ళీ తీసేసి, మళ్ళీ తెచ్చుకోవడానికి అమెరికా దేశానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. ఆ కథ మనం తెలుసుకోదగ్గది.

చట్టం పుట్టుక

అమెరికాలో బడులను నడిపేది స్థానిక స్కూలు బోర్డులు. ఖర్చులో ఎక్కువ భాగం రాష్ట్ర ప్రభుత్వం నుంచీ, ఆ ప్రాంతంలోని ఇళ్ళమీద, స్థలాలమీద వేసే పన్నునుంచీ వస్తుంది. కనుక డబ్బున్నవాళ్ళ పేటలో బడి బాగుంటుంది, లేనివాళ్ళ పేటలో బడి చితికిపోతుంది. ఈ తేడాను కొంతైనా పూడ్చాలని 1965 ఏప్రిల్ 11న ప్రెసిడెంటు లిండన్ జాన్సన్ ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంమీద సంతకం చేశాడు. జాన్సన్ యువకుడిగా టెక్సాస్‌లో మెక్సికన్ కుటుంబాల పేదపిల్లలకు పాఠాలు చెప్పినవాడు. తాను చిన్నప్పుడు చదివిన పల్లెటూరి బడి దగ్గరే, తన మొదటి పంతులమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సంతకం చేశాడు.

ఆ చట్టంలో మొదటి భాగాన్నే ‘టైటిల్ వన్’ అంటారు. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు కేంద్రం, అనగా అక్కడి ఫెడరల్ ప్రభుత్వం, అదనంగా డబ్బు ఇవ్వడం దీని ఉద్దేశం. ‘అదనంగా’ అన్న మాట ముఖ్యం. రాష్ట్రం, స్థానిక బోర్డు పెట్టే ఖర్చుకు తోడుగా రావాలే తప్ప, దాని బదులు రాకూడదు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఈ పద్దుకింద కేటాయించింది సుమారు 1,800 కోట్ల డాలర్లు.

కమిటీలు వచ్చాయి, పోయాయి

మొదటి నాలుగేళ్ళలోనే లోపం బయటపడింది. పౌరహక్కులకోసం పనిచేసే రెండు సంస్థలు లెక్కలు తిరగేసి 1969లో ఒక నివేదిక ప్రకటించాయి. పేదపిల్లల పేర వచ్చిన సొమ్మును చాలాచోట్ల బడులన్నింటి మామూలు ఖర్చులకు వాడేశారని, తల్లిదండ్రులు అడిగితే సమాచారం ఇవ్వలేదని అది తేల్చింది. డబ్బు వచ్చిందని తెలియనివాడు దాని లెక్క ఎట్లా అడుగుతాడు?

అందుచేత 1974లో చట్టాన్ని సవరించి, ఈ డబ్బు అందుకునే ప్రతి బడిలోనూ, ప్రతి స్కూలు జిల్లాలోనూ తల్లిదండ్రుల సలహా సంఘం ఉండాలన్నారు. అందులో ఎక్కువమంది ఆ పిల్లల తల్లిదండ్రులే కావాలన్నారు. 1978లో ఆ నిబంధనలు ఇంకా గట్టిపడ్డాయి.

అంతలోనే గాలి మారింది. 1981లో, కేంద్రం పెత్తనం తగ్గించాలనే పేరుతో, సంఘాలు తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు. తల్లిదండ్రులను ‘సంప్రదిస్తే’ చాలన్నారు. సంఘాలను ఎవరూ నిషేధించలేదు. అయినా తప్పనిసరి కాదనేసరికి చాలాచోట్ల వాటంతట అవే మాయమయ్యాయి. చివరకు 1988లో తల్లిదండ్రుల భాగస్వామ్యాన్ని మళ్ళీ చట్టంలోకి తెచ్చారు. 1994లో దానికి ప్రత్యేకంగా డబ్బు కేటాయించారు. పైవాళ్ళ దయమీద ఆధారపడ్డ భాగస్వామ్యం ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నేటి చట్టంలో ఉన్నవి

2015 డిసెంబరులో వచ్చిన సవరణ ప్రకారం టైటిల్ వన్ బడి తల్లిదండ్రులకు ఉన్న ముఖ్యమైన హక్కులు ఇవి:

1. ఏడాదికి ఒకసారి సభ జరిపి, తమ బడికి ఈ సహాయం వస్తున్నదని, తమకు ఫలానా హక్కులు ఉన్నాయని చెప్పాలి. మీటింగులు అందరికీ ఒకే వేళ కాక, పొద్దున్న కొన్ని, సాయంత్రం కొన్ని పెట్టాలి. అవసరమైతే వచ్చిపోయే ప్రయాణానికి, ఆ కాసేపు చంటిపిల్లలను చూసుకోవడానికి ఈ నిధుల్లోంచే ఖర్చు పెట్టవచ్చు.

2. తల్లిదండ్రుల పాత్ర ఏమిటో రాతపూర్వకంగా ఒక విధానం ఉండాలి. దాన్ని వాళ్ళతో కలిసి తయారుచేయాలి.

3. బడి ఏం చేస్తుంది, ఇంట్లో ఏం చేయాలి అనేదానిమీద ఇరుపక్షాలకూ ఒక ఒప్పందపత్రం ఉండాలి.

4. తమ పిల్లకు పాఠం చెప్పే టీచరు అర్హత ఏమిటని అడగవచ్చు. కావలసిన అర్హత లేనివారు వరసగా 4 వారాలు, ఆపైన చెబితే బడివాళ్ళే కబురు చేయాలి.

5. 5 లక్షల డాలర్లు మించి అందుకునే స్కూలు జిల్లా అందులో కనీసం 1 శాతం తల్లిదండ్రుల భాగస్వామ్యానికే విడిగా ఉంచాలి. అందులో 90 శాతం బడులకే చేరాలి. ఆ ఖర్చు నిర్ణయంలోనూ వాళ్ళ మాట ఉండాలి.

6. సమాచారం వీలైనంతవరకు తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి.

ఇవి చిన్న హక్కులేమీ కావు. అయితే ఒక హద్దు ఉంది. బడి ప్రణాళిక తల్లిదండ్రులకు నచ్చకపోతే వాళ్ళ అభ్యంతరాన్ని ప్రణాళికతోపాటు పైకి పంపాలి. అంతేగాని దాన్ని ఆపే అధికారం వాళ్ళకు లేదు. ఒప్పందపత్రంమీద సంతకం పెట్టించుకుని బీరువాలో పడేస్తే చట్టం అక్షరాలా అమలైనట్టే కనిపిస్తుంది కూడా.

మన సంగతి

మన దగ్గరా చట్టానికి కొరత లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో రైతుల నీటిసంఘాలకు, 1998లో బడి కమిటీలకు చట్టాలు వచ్చాయి. దేశమంతటికీ 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. దాని 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. సగంమంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎట్లా ఖర్చవుతున్నదో చూడడం ఆ కమిటీ పని. కాగితంమీద చూస్తే ఇది అమెరికా చట్టంకన్నా ఒక మెట్టు పైనే ఉంది.

మరి నాట్ల రోజుల్లో పగలు పదకొండింటికి మీటింగు పెడితే కూలికి పోయిన తల్లి ఎట్లా వస్తుంది? గ్రాంటు లెక్క ఇంగ్లీషులో గోడకు అంటిస్తే ఎవరు చదువుతారు? మినిట్సు పుస్తకం ఇంటికి వచ్చి సంతకం పెట్టించుకుపోతే ఆ సంతకానికి విలువేమిటి? సాయంత్రం మీటింగు, అర్థమయ్యే భాష అన్న రెండు సంగతులను అమెరికావాళ్ళు చట్టంలోనే ఎందుకు రాసుకున్నారో ఇక్కడ బోధపడుతుంది. హక్కు ఉన్నదని తెలియాలి, వినియోగించుకోవడానికి వేళ కుదరాలి, అడిగితే జవాబు రావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతావి దండగే.

మనలో చాలామందిమి ఇటువంటి బడుల్లోంచే ఈ కాలేజీకి వచ్చాం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఊరి బడి కమిటీలో ఎవరెవరున్నారో కనుక్కుందాం. ఈ ఏడు వచ్చిన గ్రాంటు ఎంత, దేనికి ఖర్చయింది అని వాళ్ళతో కలిసి వెళ్ళి అడుగుదాం. లెక్క ఇస్తే చదవడంరాని తల్లికి చదివి వినిపిద్దాం. దీనికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు. ఒక పూట తీరిక చాలు.