గడప లోపల కూడా హక్కు ఉంది

ఆ రోజు రాత్రి బడిలో 'హక్కు' అనే మాట రాయిస్తున్నాను. ఒక అక్క బలపం పట్టలేకపోయింది. కుడి చెయ్యి వాచింది.

"ఏమైందక్కా?" అని అడిగాను.

"మా ఆయన కొట్టాడు టీచరమ్మా. ఇంటి గొడవ. బయట చెప్పుకుంటే పరువు పోదూ?" అంది.

ఈ మాట మన ఊళ్ళోనే కాదు, అన్ని దేశాల్లోనూ ఉంది. జైల్లో మనిషిని కొడితే మానవ హక్కులకు భంగం అన్నారు. ఇంట్లో భార్యను కొడితే మాత్రం మొగుడూ పెళ్ళాల గొడవ అన్నారు. స్త్రీల సంఘాలు దీన్ని ఒప్పుకోలేదు. ఎక్కడ తగిలినా దెబ్బ దెబ్బే కదా!

1993 జూన్‌లో ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మహాసభ జరిగింది. ఆడవాళ్ళపై హింస గురించి ఆ సభలో మాట్లాడాలని స్త్రీలు ముందే ఒక అర్జీ తయారు చేశారు. 120కి పైగా దేశాల్లో దాన్ని తిప్పారు. లక్షల మంది సంతకాలు పెట్టారు. సంతకం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. స్త్రీల హక్కులు మానవ హక్కుల్లో విడదీయరాని భాగమని ఆ సభ ప్రకటించింది.

మన దేశంలో 2005లో గృహహింస చట్టం చేశారు. 2006 అక్టోబరు 26 నుంచి అది అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం కొట్టడం ఒక్కటే హింస కాదు. బూతులు తిట్టడం, కట్నం కోసం వేధించడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకుండా ఏడిపించడం కూడా హింసే. భార్యే కాదు, ఆ ఇంట్లో ఉండే తల్లి, అక్క, చెల్లి కూడా ఫిర్యాదు చేయవచ్చు.

"ఫిర్యాదు చేస్తే ఇంట్లోంచి గెంటేస్తే? ఇల్లు ఆయన పేరునే ఉంది" అంది అక్క.

ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంది. కోర్టు ఉత్తర్వు లేకుండా ఆమెను వెళ్ళగొట్టకూడదు. కొట్టవద్దని కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఎవరికి చెప్పాలి? జిల్లాలో రక్షణ అధికారి ఉంటారు. పోలీసులకు చెప్పవచ్చు. 181 నంబరుకు ఫోను చేయవచ్చు. డబ్బు లేకపోయినా వకీలును ఉచితంగా ఇస్తారు.

ఆ అక్క ఎడమ చేత్తో బలపం పట్టుకుంది. పలక మీద 181 అని రాసుకుంది.

చెప్పండి, రాయండి

1. కొట్టడం కాక ఇంకేవి హింస?
2. ఇల్లు భర్త పేరున ఉంటే భార్యకు ఏ హక్కు ఉంది?
3. 'హక్కు', 'ఫిర్యాదు', '181' మూడేసి సార్లు రాయండి.