కుంటి అడుగు – క్రొత్త పేరు

పఠన భాగములు: ఆదికాండము 31:36–42, 32:22–32, 33:1–17, హెబ్రీయులకు 11:21

పాఠ సారాంశము: దేవుడు యాకోబు నడకను తగ్గించెను గాని ఆశీర్వాదమును తగ్గింపలేదు.



మన గోదావరిఖనిలో క్రొత్త మనిషి కనబడినప్పుడు పేరుకంటె ముందుగా అడుగు ప్రశ్న యొకటి గలదు: "ఏ బాయి?" దాని వెంటనే వచ్చునది: "ఏ షిఫ్టు?" మన పట్టణము పేరులోనే గని యున్నది. బొగ్గు కొరకు పెరిగిన యూరు గనుక మనిషిని అతని పనినిబట్టి గుర్తించుట మనకు అలవాటైనది. వీధిలో దారి చెప్పవలసివచ్చినను సర్దారు ఇల్లు, ఫిట్టరు ఇల్లు అనియే చెప్పుదుము. అట్టి చోట ఒకడు పని మానినయెడల, "ఇప్పుడేం జేస్తున్నవ్ అన్నా?" అను చిన్న ప్రశ్న కూడ అతనికి పెద్ద బరువగును.

పనితోపాటు నడక కూడ పోయినయెడల సంగతి యేమి? తుంటి కీలు అరిగిపోయి, శస్త్రచికిత్స జరిగి, వాకరు పట్టుకొని గదిలో నాలుగడుగులు వేయువాడు, "నేనిప్పుడెవరిని?" అని తన్ను తానే అడుగుకొనును. ఈ ప్రశ్న నాకు పరాయిది కాదు. ఈ పాఠము వ్రాయుచున్న నేను తుంటి కీలు మార్పిడి చేయించుకొని, ఆ విశ్రాంతి దినములలోనే, నన్ను నిద్రలేకుండ చేసిన ఉద్యోగమును విడిచినవాడను. ఆ దినములలో నాకు తోడైన వాక్యభాగమునే ఈ మాసము మీ ముందుంచుచున్నాను. పరిశుద్ధ గ్రంథములో కష్టమైన కొలువు విడిచి వచ్చుచు, త్రోవలో తొడగూడు దెబ్బతిని, కుంటుచు ఇల్లు చేరిన మనుష్యుడొకడున్నాడు. అతడే యాకోబు.

1. లాబాను కొలువు

యాకోబు లాబాను ఇంట ఇరువది సంవత్సరములు పని చేసెను. ఇద్దరు కుమార్తెల కొరకు పదునాలుగు, మంద కొరకు ఆరు. ఆదికాండము 31వ అధ్యాయములో అతడు తన మామతో చెప్పిన మాటలను నెమ్మదిగా చదువుడు. పగటి యెండకును రాత్రి చలికిని తాను గురియైతిననియు, కంటికి కునుకు కరవైనదనియు, క్రూరమృగములవలన కలిగిన నష్టమును కూడ తనమీదనే వేసికొంటిననియు, జీతము పదిమారులు మార్చబడెననియు అతడు చెప్పెను. మూడవ షిఫ్టు చేసిన వారికి ఈ మాటలకు వ్యాఖ్యానము అవసరములేదు.

నేను పని చేసినది ఒక సంస్థలో పర్యవేక్షకునిగా. ఉత్పత్తి లెక్క తగ్గినయెడల పైవారు నన్నడుగుదురు. మనుష్యులు రానియెడల క్రిందివారి బదులు నేను నిలువవలెను. అర్ధరాత్రి ఫోను మ్రోగిన ప్రతిసారి ఏ ప్రమాదవార్త వినవలెనో యని గుండె అదరెడిది. తుంటి నొప్పిని రెండేండ్లు మాత్రలతో అణచుకొని, ఎవరికిని చెప్పకుండ మెట్లు దిగితిని. నొప్పి దాచుట ధైర్యమనుకొంటిని. అది ధైర్యము కాదు, భయము. కుంటువాడని తెలిసినయెడల స్థానము పోవునను భయము.

ఇక్కడ మనము గమనింపవలసినది, యాకోబు పడిన శ్రమను దేవుడు తేలికగా చూడలేదు. లాబాను చేయుచున్నదంతయు చూచితినని ఆయన యాకోబుతో పలికెను (31:12). పని దేవుని వరమే. అయినను మనిషిని తినివేయు పనిని దేవుడు చూచుచున్నాడు. 127వ కీర్తన ఆరంభ వచనములు కూడ, రాత్రింబవళ్లు ఆందోళనతో కష్టించుటయే భక్తియని తలంచువానిని సరిచేయుచున్నవి.

2. విడుచు విధము

యాకోబు విడిచిన విధములో నేర్చుకొనదగినదియు, మానుకొనదగినదియు గలదు. అతడు మొదట రాహేలును లేయాను పొలమునకు పిలిపించి, సంగతి యంతయు వారితో చెప్పి, వారి మాట వినెను (31:4–16). ఇది మంచిది. ఉద్యోగము విడుచుట ఒక్కని నిర్ణయము కాదు. వంటింటి డబ్బా నిండుట, పిల్లల ఫీజు కట్టుట దానిమీద ఆధారపడియున్నవి. కాని తరువాత అతడు మామతో చెప్పకుండ రహస్యముగా బయలుదేరెను. దాని ఫలముగా ఏడు దినముల దారి తరుమబడి, కొండమీద నిలిచి జవాబు చెప్పవలసి వచ్చెను. చివరకు రాళ్లకుప్ప వేసి సమాధాన నిబంధన చేసికొనిన తరువాతనే యిరువురును విడిపోయిరి.

కాబట్టి నొప్పి ఎక్కువగా నున్న రాత్రి రాజీనామా వ్రాయవద్దు. మొదట సెలవు ఎంత మిగిలినదో చూచుకొనుడు. సింగరేణి ఉద్యోగియైనచో తేలిక పని దొరకు వీలున్నదా, మెడికల్ బోర్డు యెదుటికి వెళ్లవలెనా, బొగ్గు గనుల భవిష్యనిధిలోను, 1998 నాటి పింఛను పథకములోను తనకు రావలసినదేమి, అను సంగతులను కార్యాలయములోను యూనియన్ పెద్దలయొద్దను అడిగి కాగితము మీద వ్రాసికొనవలెను. అప్పులను కూడ అదే కాగితము మీద వ్రాయవలెను. ఆ కాగితము మధ్యనుంచుకొని భార్యాభర్తలు ప్రార్థింపవలెను. నా భార్య ఆ కాగితము చూచి, "జీతం తగ్గితె కూర తగ్గిద్దాం. మీరు నిద్రపోయి ఎన్నేండ్లయిందో నాకు ఎరుక" అనెను. ఆ మాటతో నా సందేహము తీరెను.

పని విడుచుట పాపమని కొందరి మనస్సులో నున్నది. సంఖ్యాకాండము 8:24–26 చదువుడు. ఏబది యేండ్లు నిండిన లేవీయుడు బరువు పని మానవలెనని దేవుడే నియమించెను. అయితే అతనిని ఇంటికి పంపివేయలేదు. తన సహోదరులకు సహాయకుడుగా గుడారమునొద్ద ఉండనిచ్చెను. బరువు పోయినను స్థానము పోలేదు.

3. పారిపోవు కాలు

ఇప్పుడు యబ్బోకు రేవునకు వత్తము. వెనుక లాబాను, ముందు నాలుగువందల మందితో వచ్చుచున్న ఏశావు. యాకోబు ఒంటరిగా మిగిలెను. తెల్లవారువరకు ఒకడు అతనితో పెనుగులాడి, తొడగూటిని తాకగా అది పట్టు తప్పెను.

"తొడగూడు" అను మాట ఎంత చక్కనిదో చూడుడు. తొడయెముక పైకొన గుండ్రని బంతివలె నుండి, కటియెముకలోని గిన్నెవంటి గూటిలో కుదురుకొనియుండును. శరీర భారమంతయు ఆ గూటిమీదుగనే కాలికి దిగును. నిలుచుటకు, పరుగెత్తుటకు, పెనుగులాడుటకు బలము అక్కడనే. ఆ చోటనే దేవుడు యాకోబును తాకెను.

యాకోబు జీవితములో కాళ్లు చేసిన పనియేమి? ఏశావు కోపమునకు భయపడి పారిపోయెను. లాబానుకు భయపడి పారిపోయెను. కష్టము వచ్చినప్పుడెల్ల కాళ్లే అతనికి ఉపాయము. ఇప్పుడు పారిపోవు కాలు కుంటుపడెను. అందువలన అతడు ఏమి చేసెను? తన్ను తాకిన వానినే గట్టిగా పట్టుకొని, దీవించనిదే విడువననెను. అప్పుడు వచ్చిన ప్రశ్న, నీ పేరేమి యనునది. పట్టణము "ఏ బాయి?" అని అడుగును, దేవుడు పేరు అడుగును. యాకోబు తన పాత పేరు ఒప్పుకొనగా క్రొత్త పేరు పొందెను. సూర్యుడు ఉదయించువేళ ఇశ్రాయేలు అను పేరుతో కుంటుచు పెనూయేలు దాటెను.

ఇంకొక మార్పును గమనింపుడు. ముందురోజు కానుకలను, సేవకులను ముందుకు పంపి తాను వెనుక నిలిచినవాడు, మరునాడు కుంటి కాలితోనే అందరికంటె ముందుగా నడిచి అన్నను ఎదుర్కొనెను (33:3). మంచి కాలితో చేయలేనిది కుంటి కాలితో చేసెను.

ఇందునుబట్టి ప్రతి తుంటి వ్యాధియు దేవుడు కొట్టిన దెబ్బయని చెప్పరాదు. అట్లు చెప్పి రోగిని బాధింపవద్దు. బరువు పని వలన, వయస్సు వలన, క్రింద పడుట వలన కీలు చెడును. మద్యము వలనను, స్టెరాయిడు మందుల దీర్ఘ వాడకము వలనను ఎముకకు రక్తము అందక బంతిభాగము చచ్చిపోవుటయు గలదు. మన ప్రాంతపు యౌవనస్థులు ఈ హెచ్చరిక వినవలెను. అయితే కారణమేదైనను, ఆ రాత్రిలో పట్టుకొనదగినవాడు మాత్రము ఒక్కడే.

4. మందల నడకకు తగినట్లు

ఏశావు, కలిసి పోదము రమ్మనినప్పుడు యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు చిన్నవారు, పాలిచ్చు పశువులున్నవి, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చును గనుక వారి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను (33:13–14). తరువాత సుక్కోతులో ఆగి ఇల్లు కట్టుకొనెను. ఇరువది యేండ్లు తొందరలో బ్రతికినవాడు మెల్లగా నడచుట నేర్చుకొనెను.

శస్త్రచికిత్స పొందినవారికి ఇదియే పాఠము. ఈనాటి చికిత్సలో అరిగిన బంతిని తీసి లోహముతో గాని పింగాణీవంటి పదార్థముతో గాని చేసిన బంతిని, గూటికి క్రొత్త గిన్నెను అమర్చుదురు. ఈ విద్య కూడ మెల్లగనే వచ్చినది. ఇంగ్లాండులోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అను వైద్యుడు మొదట టెఫ్లాను గిన్నెలు అమర్చగా అవి కొన్ని యేండ్లకే అరిగిపోయెను. అనేకులకు మరల చికిత్స చేయవలసివచ్చెను. ఆయన తన తప్పును ఒప్పుకొని వెదకి, 1962లో గట్టి పాలిథీను గిన్నెను వాడి మేలైన త్రోవ కనుగొనెను. ఇప్పుడు అమర్చిన కీళ్లలో పెక్కు ఇరువది యేండ్లకు మించి నిలుచుచున్నవి.

మీ వైద్యుడు చెప్పినదే మీకు ప్రమాణము. అయినను సాధారణముగ చెప్పబడు జాగ్రత్తలు కొన్ని గలవు. మొదటి వారములలో తుంటిని లంబకోణముకంటె ఎక్కువ వంచరాదు. కాలుమీద కాలు వేయరాదు. చాపమీదను పీటమీదను కూర్చుండరాదు. ఎత్తైన కుర్చీయు వెస్టర్న్ కమోడును కావలెను. పండుకొనునప్పుడు మోకాళ్లనడుమ దిండు ఉంచవలెను. చేతికర్రను చికిత్స జరిగిన ప్రక్క గాక రెండవ ప్రక్క చేత పట్టవలెను. మెట్లెక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు చికిత్స జరిగిన కాలు ముందు. పిక్క వాచి నొప్పిచేసినను, ఊపిరి ఆడకున్నను, గాయము ఎర్రబడి చీము కారినను, జ్వరము వచ్చినను ఆలస్యము లేకుండ ఆసుపత్రికి పోవలెను.

వ్యాయామము మానుట ఒక తప్పు, తొందరపడుట మరియొక తప్పు. నేను మూడవ వారములో వాకరు విడిచి గుమ్మమువరకు పోయి తూలిపడబోతిని. పట్టుకొన్న నా కుమారుడు, "నాన్నా, ఇప్పుడు నీకు షిఫ్టు టైము లేదు గదా, ఎక్కడికి ఉరుకుతున్నవ్?" అనెను. ఉద్యోగము విడిచితిని గాని దాని పరుగు ఇంకను నా లోపలనే యుండెనని అప్పుడు తెలిసెను.

5. కర్రమీద ఆనుకొని

నేను మరల గుడికి వెళ్లిన మొదటి ఆదివారము ద్వారమునొద్ద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటిని. నాకంటె పెద్దవారు చాపమీద కూర్చుండగా నేను కుర్చీమీదనుండుట సిగ్గుగా తోచెను. ప్రభురాత్రి భోజనమునకు అందరును మోకరించుచుండగా నేను లేవలేక తల వంచితిని. అప్పుడు అయ్యగారు రొట్టెయు పాత్రయు పట్టుకొని నాయొద్దకే నడచివచ్చిరి. నేను వెళ్లలేని దూరమును ప్రభువు బల్లయే దాటివచ్చెను. సువార్త యంతయు అదియే గదా!

హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో 11వ అధ్యాయము యాకోబు విశ్వాసమునకు సాక్ష్యముగా దేనిని ఎన్నుకొన్నదో చూడుడు. అతని మందలను గాని, లాబాను ఇంట చేసిన పనిని గాని అది పేర్కొనలేదు. ముసలితనమున కర్రకొన మీద ఆనుకొని దేవునికి నమస్కరించి, యోసేపు కుమారులను దీవించిన గడియను పేర్కొన్నది. అతని కుంటు నయమాయెనని గ్రంథము ఎక్కడను చెప్పలేదు. అయినను ఆనుకొనువాడు ఆరాధింపగలడు, కూర్చున్నవాడు దీవింపగలడు.

కాబట్టి సంఘస్థులారా, మీ వీధిలో అట్టివాడున్నయెడల, "మళ్ల డ్యూటీకి ఎప్పుడు?" అని అడుగుటకు ముందు అతని పేరు పెట్టి పిలువుడు. గుడిలో ఎత్తైన కుర్చీ యొకటి సిద్ధముగా నుంచుడు. ఆ యింటి ఇల్లాలికి ఒక పూట సహాయము చేయుడు. శ్రమపడువాడా, దేవుడు నిన్ను నీ హాజరు పుస్తకమునుబట్టి యెరుగడు. నీ అడుగు చిన్నదైనను, నీ ముఖము సూర్యోదయమువైపే యున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నీవు నీ పేరుకంటె నీ పనిని ఎక్కువగా నమ్ముకొంటివా?
2. ఇంటివారికి చెప్పక దాచిన నొప్పి యేదైన నీలో గలదా?
3. మన సంఘములో నడువలేనివారి యొద్దకు మనము నడచి వెళ్లుచున్నామా?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మా పరుగును మా బలమునుకొంటిమి, క్షమించుము. గనిలోను గదిలోను నొప్పి దాచుకొన్నవారిని చూడుము. చికిత్స చేయు చేతులను, సేవచేయు ఇంటివారిని బలపరచుము. మెల్లగా నడచు ఓర్పును, నీవు పిలుచు పేరును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.