పాత లౌడుస్పీకరులో సన్నని ధ్వని లోపించినపుడు చేయవలసిన పరీక్షలు

విద్యార్థులారా! నూజెండ్లలోని మన పాఠశాల సభామందిరమున గోడకు తగిలింపబడియున్న చెక్కపెట్టె లౌడుస్పీకరును మీరందరును ఎరుగుదురు. అది చాల పాతది. ఒకనాడు రెండు తరగతులవారిని ఒక్కచోట కూర్చుండబెట్టి, మైకులో తెలుగు ఉక్తలేఖనము చెప్పితిమి. శకలము, సకలము, శరము, సరము అను జంటపదములు అందుండెను. శకలమనగా ముక్క, సకలమనగా సమస్తము. శరమనగా బాణము, సరమనగా హారము. వెనుకవరుసల బాలురు పెక్కుమంది వీనిని తారుమారుగా వ్రాసిరి. శకార సకారములను కలిపి పలుకు అలవాటు మనలో కలదు గనుక, ఇది వారి అజాగ్రత్తయే యని తలచి మార్కులు తగ్గించితిమి. ఒక బాలుడు లేచి, “అయ్యా, రెండును మాకు ఒక్కటిగానే వినబడినవండి” యనెను. సాకులు చెప్పవద్దని వానిని గద్దించితిమి. వాడు పలికినది సత్యమని వారము దినముల పిమ్మట మాకు తెలిసినది. అది ఎట్లు తెలిసినదో చెప్పుటయే ఈ పాఠము.

ట్వీటరు చేయు పని

మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వరకుగల కంపనములను వినగలదు. ఇన్నిటిని ఒకే పరికరము చక్కగా పలికింపజాలదు. అందుచేత మంచి పెట్టెలలో లావు ధ్వనులకు వెడల్పయిన కాగితపు వూఫరును, సన్నని ధ్వనులకు చిన్నదగు ట్వీటరును అమర్చుదురు. ట్వీట్ అనగా ఇంగ్లీషున పిట్ట కిచకిచ. రెంటిలోను సూత్ర మొక్కటే. అయస్కాంతపు సందులో నొక తీగచుట్ట యుండును; దానినే కాయిలందురు. అందు విద్యుత్తు ప్రవహింపగా అది ముందువెనుకలకు కదలి, తన్నంటియున్న పొరను కదల్చును. ఈ పద్ధతిని 1925లో రైస్, కెల్లాగు అను అమెరికా ఇంజనీర్లు చక్కగా నిరూపించిరి. మన ఊళ్లలో ఉత్సవములకు కట్టు మైకు బూర వెనుకనుండు యూనిట్టులో కూడ ఇట్టి కాయిలును పొరయు కలవు.

“స” యను అక్షరపు బుస ముఖ్యముగా 4,000 కంపనములకు పైన నుండును. “శ” యొక్క బుస అంతకన్న కొంత దిగువనుండియే ఆరంభించును. ట్వీటరు పలుకనిచో పైభాగము తెగిపోయి, ఈ రెంటి భేదము మాసిపోవును. అచ్చులు మాత్రము బిగ్గరగానే వినబడును. కావున పెట్టె బాగుగానే యున్నదని దగ్గరనున్నవారు భ్రమపడుదురు. వేదికపై నిలిచిన మేమును అట్లే భ్రమపడితిమి. మా మాట మా చెవికి నేరుగా వినబడుచుండెను గదా!

మొదటి జాగ్రత్త

ఏ పరీక్షకైనను ముందు యంత్రమును ఆపి, ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. పాత వాల్వు ఆంప్లిఫయరులలో ఆపిన తరువాత కూడ కొన్ని వందల వోల్టులు నిలిచియుండవచ్చును. అది ప్రాణాపాయకరము. విద్యార్థులు దానిని ఎన్నడును విప్పరాదు. మన పరీక్షలన్నియు లౌడుస్పీకరు పెట్టెలోనివే.

పరీక్షల క్రమము

1. ధ్వనిని మెల్లగా నుంచి, అట్టతో చేసిన గొట్టము నొక కొన ట్వీటరు వద్దను, రెండవ కొన చెవి వద్దను పెట్టి వినవలెను. బుసయే లేనిచో లోపము నిశ్చయము.

2. పెట్టె వెనుక ధ్వనిని హెచ్చించి తగ్గించు మర యున్నచో, దానిని అటునిటు పలుమారు త్రిప్పవలెను. దుమ్మువలనను చిలుమువలనను అది పట్టువిడుచుట కలదు. టంకములను, తీగ కొనలను చూడవలెను.

3. ట్వీటరు తీగలలో నొకదానిని ఊడదీసి, ట్వీటరు కొనల వద్దనే మీటరుతో నిరోధమును కొలువవలెను. 8 ఓముల ట్వీటరు సాధారణముగా 5 మొదలు 7 ఓముల వరకు చూపును. మీటరు కదలనిచో కాయిలు తెగినది. దాదాపు సున్న చూపినచో లోపల తీగలు తగులుకొన్నవి.

4. కాయిలు బాగున్నచో కెపాసిటరును అనుమానింపవలెను. ఇది లావు ధ్వనులను ట్వీటరునకు పోనీయక ఆపు కావలివాడు.

మూడవ పరీక్షలోనే పెక్కుమంది పొరబడుదురు. మన పెట్టెను చూచుటకు పట్టణమునుండి వచ్చిన యొక మరమ్మతుదారు కెపాసిటరుకు ఈవలి కొనయందు మీటరు పెట్టి, ముల్లు కదలలేదు గనుక ట్వీటరు మాడినదనియు, క్రొత్త పెట్టె కొనవలెననియు చెప్పెను. కాని కెపాసిటరు బ్యాటరీ ప్రవాహమును పోనీయదు. దానిగుండ కొలిచిన యెడల మంచి ట్వీటరు సైతము చచ్చినదానివలెనే కనబడును. మేము తీగ నూడదీసి ట్వీటరు వద్దనే కొలువగా 6 ఓములు చూపినది. అది నిర్దోషి.

ఒక లెక్క

కెపాసిటరు విలువను మైక్రోఫారడులలో కొలుతురు. ఓములను మైక్రోఫారడులచే గుణించి, ఆ లబ్ధముచే 1,59,000ను భాగించినచో, ట్వీటరు ఎచ్చటనుండి పలుకనారంభించునో తెలియును. మన ట్వీటరు 8 ఓములు. కెపాసిటరుపై ముద్రించినది 4 మైక్రోఫారడులు. 8ని 4చే గుణింపగా 32. భాగింపగా సుమారు 4,970 కంపనములు. పాత ఎలెక్ట్రొలిటిక్ కెపాసిటరు లోని ద్రవము ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. మనదానిని కొలువగా 1 మైక్రోఫారడు మాత్రమే మిగిలియుండెను. 1,59,000ను 8చే భాగింపుడు. సుమారు 19,900 వచ్చును. అనగా ట్వీటరు వినికిడి సరిహద్దువద్ద మాత్రమే పలుకుచుండెను. అదే విలువగల క్రొత్త ఫిల్ము కెపాసిటరును టంకము పెట్టగానే, స, శ, ష లు వెనుకవరుసకు స్పష్టముగా వినబడినవి.

కాయిలు మాడకుండ కాపాడుట

ట్వీటరు కాయిలు తీగ వెండ్రుకవలె సన్నము. చిన్న ఆంప్లిఫయరును శక్తికి మించి అరిపించినచో, అలల కొనలు తెగి, సన్నని ధ్వనుల శక్తి పెరిగి, కాయిలు వేడెక్కి మాడును. కావున మాట గరగరలాడగానే ధ్వని తగ్గించుడు. కెపాసిటరును తీసివేసి తీగను నేరుగా కలుపుట ఎన్నడును కూడదు. పాత ట్వీటరు అయస్కాంతమును విడదీయరాదు. కొన్నిటి శక్తి అందువలన తగ్గిపోవును. మన పల్నాటి వేసవి దుమ్ము సందులో చేరకుండ పెట్టెకు గుడ్డ తొడిగియుంచుడు.

పెట్టె బాగుపడిన మరునాడు అదే ఉక్తలేఖనమును మరల చెప్పితిమి. వెనుకవరుసవారిలో పెక్కురు సరిగా వ్రాసిరి. మునుపు గద్దించిన బాలుని తరగతి యెదుట పిలిచి, తప్పు మాదేయని ఒప్పుకొని, వాని మార్కులను దిద్దితిమి. మరమ్మతుదారు మంచి ట్వీటరును నిందించెను. మేము మంచి బాలుని నిందించితిమి. ఇద్దరమును కొలువవలసిన చోట కొలువలేదు. ఉపాధ్యాయులు, తలిదండ్రులు కూడ ఈ సంగతిని గుర్తుంచుకొందురుగాక. పిల్లవాడు వినబడలేదని చెప్పినపుడు, మొదట వాడు కూర్చున్నచోట మనము కూర్చుండి వినవలెను.