వేలములో మిగిలిన సొమ్ము ఎవరిది?

గండికోట చుట్టుప్రక్కల జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములలో వాన నమ్మరానిది. రెండేండ్లు వరుసగా పైరు చేతికి రానిచో సర్కారు బాకీ నిలిచిపోవుట వింతకాదు. బాకీ నిలిచినచో భూమి వేలమునకు వచ్చునని రైతులందరు ఎరుగుదురు. కాని వేలములో బాకీకి మించి వచ్చిన సొమ్ము ఏమగునో ఎరిగినవారు తక్కువ. భూమియే పోయిన తరువాత మనకేమి మిగిలినదని కచేరీ గడప తొక్కక ఊరకుండువారు కలరు. ఇది సరికాదు. ఆ మిగులు సొమ్ము రైతుదే.

చట్టమేమి చెప్పుచున్నది

ప్రభుత్వ బాకీల క్రింద భూములను వేలము వేయుటకు ఆధారము 1864వ సంవత్సరపు రెవెన్యూ రికవరీ చట్టము. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఈ చట్టము ఆంధ్రప్రదేశ్‌లో నేటికిని అమలులో నున్నది. బాకీని, దానిపై వడ్డీని, జప్తు వేలముల ఖర్చును మినహాయించుకొనగా మిగిలిన సొమ్మును బాకీదారునకే చెల్లించవలెనని దీని 42వ సెక్షను శాసించుచున్నది. తగిన న్యాయస్థానము నిలుపుదల ఉత్తర్వు ఇచ్చిననే తప్ప ఆ చెల్లింపు ఆగరాదు.

ఒక లెక్క చూడుడు. ఒక రైతుకు 4 ఎకరములు కలవనుకొందము. బాకీ 60,000 రూపాయలు, వడ్డీ 9,000, ఖర్చులు 3,000, మొత్తము 72,000. పాట 5,00,000 రూపాయలకు పోయినది. మిగులు 4,28,000 రూపాయలు. ఈ పైకమును వదలుకొన్న కుటుంబము భూమిని, దాని విలువను కూడ పోగొట్టుకొన్నట్లే.

కొంత భూమి చాలినపుడు అంతయు అమ్మరాదు

1800లో దత్తమండలములు కుంపిణీ వశమైన పిమ్మట థామస్ మన్రో 1807 వరకు వాటి ప్రధాన కలెక్టరుగా నుండి, పొలము పొలమును కొలిపించి శిస్తు కట్టించెను. ప్రతి పొలమునకు వేరు లెక్క ఉండుట రైతునకు నేటికిని ఉపకరించును. బాకీకి, వడ్డీకి, ఖర్చులకు చాలినంత భాగమునే సాధ్యమైనంతవరకు అమ్మవలెనని 44వ సెక్షను చెప్పుచున్నది. పై లెక్కలో ఆ 4 ఎకరములు రెండు సర్వే నంబరులలో ఉండి, ఒక నంబరు అమ్మినచో బాకీ తీరునట్లయిన, రెండవదానిని వదలివేయుడని రైతు వేలమునకు ముందే వ్రాతపూర్వకముగ కోరవలెను. మిగులు సొమ్ముకంటె మిగిలిన భూమి మేలు.

గుర్తుంచుకొనవలసిన గడువులు

1. వేలము ప్రకటన కనీసము ఒక నెల ముందుగా కలెక్టరు కచేరీలోను, తాలూకా కచేరీలోను, దగ్గరి పోలీసు స్టేషనులోను, ఆ భూమిపై కనబడు చోటను అంటింపబడవలెను.

2. వేలమునకు ముందు దినము సూర్యాస్తమయములోగా బాకీ యావత్తు చెల్లించినచో వేలము నిలిచిపోవును. రైతుగాని, ఆ భూమిలో హక్కు కలవారుగాని చెల్లింపవచ్చును.

3. పాట పాడినవారు అప్పటికప్పుడు నూటికి 15 వంతున డిపాజిటు కట్టవలెను. తక్కినది 30 దినములలో చెల్లింపనిచో డిపాజిటు కోల్పోవలసి వచ్చును.

4. వేలమైన తరువాత కూడ 30 దినముల గడువు కలదు. బాకీని ఖర్చులతో కట్టి, పాటదారుకిచ్చుటకై పాట మొత్తముపై నూటికి 5 వంతున జమచేసినచో వేలమును రద్దుచేయ కోరవచ్చును. వేలములో ముఖ్యమైన లోపముగాని మోసముగాని జరిగిన యెడల, ఆ విషయమును కూడ ఈ 30 దినములలోనే అర్జీలో తెలుపవలెను.

5. ఈ చట్టము క్రింద జరిగిన చర్యవలన నష్టపడి సివిలు కోర్టుకు పోదలచినవారు 6 నెలలలో దావా వేయవలెను. నిదానించినవారికి హక్కు ఉండియు లేనట్లే.

తాకట్టు ఉన్న భూమి

భూమిపై శిస్తు బాకీ క్రింద జరిగిన వేలములో ఆ భూమి తాకట్టు మున్నగు చిక్కులు లేకుండ పాటదారునకు చేరును. అంతమాత్రమున అప్పిచ్చినవాని హక్కు పోదు. అది మిగులు సొమ్ముపైకి మరలును. బాకీ నిలిచిపోవుటకు తాను కారకుడు కానిచో అతడు ఆ మిగులులోనుండి తన అప్పును కోరవచ్చునని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 73వ సెక్షనులో కలదు. కనుక తాకట్టు పెట్టిన రైతు మిగులంతయు తనకే దక్కునని తలచి ఖర్చు పెట్టరాదు. శిస్తు కాని ఇతర బాకీలకై జరిగిన వేలములలో మాత్రము తాకట్టు భూమితోనే పోవునని మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పియున్నది. నేడు ఇట్టి ఇతర బాకీల వేలములు కూడ కలవు గనుక, ఏ బాకీకై వేలము జరిగినదో ముందుగా తెలిసికొనవలెను.

సొమ్ము తీసికొను విధము

పాట ఖాయమైన పిమ్మట తహసీలుదారు కచేరీలో అర్జీ ఇచ్చి నకలుపై ముద్ర వేయించుకొనవలెను. పాట మొత్తము, బాకీ, వడ్డీ, ఖర్చు, మిగులు అను అయిదు అంకెలు గల లెక్కను కోరవలెను. సొమ్ము స్వంత బ్యాంకు ఖాతాలోనే పడునట్లు చూచుకొనవలెను. ఇప్పించెదనని మధ్యవచ్చు వారికి ఖాళీ కాగితముపై వేలిముద్ర వేయరాదు.

పట్టాదారు గతించి పేరు మారనిచో చిక్కు కలుగును. వారసత్వముగానో మరొక విధముగానో భూమి వచ్చినవారు 90 దినములలో తెలియజేయవలెనని 1971వ సంవత్సరపు పట్టాదారు పాసు పుస్తకముల చట్టము చెప్పుచున్నది. మైనరు వాటాను వేరుగా అతని పేర బ్యాంకులో వేయుట మంచిది.

గ్రామాధికారులకు

కరణము, మునసబు ఉద్యోగములు 1984లో రద్దయినవి. నేడు రైతునకు దగ్గరనున్నవారు గ్రామ రెవెన్యూ అధికారులు. ప్రకటన అంటించుటతో పని తీరినదని తలపక, దానిని చదువురాని రైతునకు చదివి వినిపించి, ఏ తేదీ సూర్యాస్తమయము కడపటి గడువో చెప్పినచో ఒక కుటుంబము నిలబడును. మిగులు ఉన్నదని తెలిసిన వెంటనే ఇంటివారికి కబురుచేయుట వారి ధర్మము.

ఈ న్యాయము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున ఒక వృద్ధురాలి ఇంటిని సుమారు 15,000 డాలర్ల పన్ను బాకీకై 40,000 డాలర్లకు అమ్మి, మిగిలిన 25,000 డాలర్లను అచ్చటి కౌంటీవారే ఉంచుకొనిరి. 2023 మే నెలలో ఆ దేశపు సుప్రీంకోర్టు, ప్రభుత్వము తనకు రావలసినంతయే తీసికొనవలెను గాని మిగులును ఉంచుకొనరాదని ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. మన చట్టము ఈ మాటను 1864లోనే చెప్పియున్నది. రైతు సోదరులు చేయవలసినదెల్ల ఆ హక్కును గడువులోగా, వ్రాతపూర్వకముగ అడుగుటయే.