రాసిచ్చిన నీళ్ళు, ఉన్న నీళ్ళు

మచిలీపట్నం

అమ్మలూ,

మొన్న మీ అమ్మ గుడివాడ నుంచి ఫోన్ చేసింది. హైదరాబాదు ఆఫీసులో నిన్ను స్టోరేజీ టీములో వేశారట. "వాల్యూములు ఇవ్వడమట అన్నయ్యా, అదేం ఉద్యోగం?" అంది. ఇరవై ఏళ్ళు ఆ పనే చేసి బందరు చేరినవాణ్ణి, దానికెలా చెప్పాలో తోచక "కాలువ మీద నీళ్ళు వదిలే లస్కరు పనే అనుకో" అన్నాను. నవ్వేసింది. నేను నవ్వులాటకి అనలేదు.

లెక్క చూడు. బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా డెల్టాకి కేటాయించింది 181.2 టీఎంసీలు. ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. ఆ డెల్టా కాలువలన్నిటికీ నీళ్ళు వదిలే ప్రకాశం బ్యారేజీలో నిలిచేది మాత్రం 3.07 టీఎంసీలే. ఇందులో మోసం లేదు. అన్ని నీళ్ళూ ఒక్కరోజే ఎవరూ అడగరు, నారుమడికి కొన్ని, నాట్లకి కొన్ని, పైనుంచి వస్తూనే ఉంటాయి. మీ థిన్ ప్రొవిజనింగ్ ఇదే. డేటాబేసు వాళ్ళు రెండు టెరాబైట్లు అడిగితే వాళ్ళ సర్వరుకి అంత డిస్కూ కనిపిస్తుంది, అందరికీ ఉమ్మడిగా ఉన్న డిస్కుల పూల్ లోంచి బ్లాకులు కదిలేది మాత్రం రాసిన మేరకే. ఇరవై టెరాబైట్ల పూల్ మీద యాభై రాసివ్వచ్చు. రెండు నిమిషాల పని.

అయితే కాలువలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది శివారు. పులిగడ్డ అక్విడెక్టు దాటి, అవనిగడ్డ దాటి, నాగాయలంక పక్క పొలాలకి చేరేసరికి ఏం మిగిలిందో ఆ రైతుకే తెలుస్తుంది. ఎగువన ఉన్నవాడికి దిగులుండదు. పూల్ లో ఎగువా శివారూ లేవు. నిండిందంటే ఎవరు నింపారని చూడదు, ఆ క్షణాన కొత్త బ్లాకు అడిగిన ప్రతి వాల్యూమూ ఆగిపోతుంది.

నాకు జరిగింది. ఏ సంస్థో అనవసరం. నెలాఖరు రాత్రి పూల్ నిండి జీతాల సర్వరు సహా అన్నీ పడుకున్నాయి. నింపింది చూస్తే ఎవరో టెస్టింగ్ కుర్రాడి లాగు ఫైళ్ళు. ఎనభై శాతం దగ్గరే ఎలర్టు వచ్చింది, కాకపోతే ఏడాది కిందట ఉద్యోగం మానేసిన మనిషి మెయిలుకి. ఆ అడ్రసు మార్చాల్సింది నేనే. కంగారులో ఆ ఫైళ్ళన్నీ తుడిచేశాం. పూల్ అంగుళం దిగలేదు! ఫైలు చెరిపితే సర్వరు తన చిట్టాలో పేరు కొట్టేస్తుందంతే, కిందున్న స్టోరేజీకి ఆ సంగతి తెలియదు. పొలం అమ్మేసి అడంగల్ లో పేరు మార్చకపోతే రికార్డులో పొలం పాతవాడి పేరునే ఉంటుంది చూడు, అలా. ఆ కబురు చెప్పేదే అన్‌మ్యాప్. లినక్సులో దాన్ని పంపే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ వారానికోసారి నడిచేలా పెట్టుకో. ఎల్‌వీఎం థిన్ పూల్ అయితే మెటాడేటా లెక్క విడిగా చూడు, అది నిండితే బాగుచెయ్యడం ఇంకా కష్టం.

ఆ రాత్రి నుంచి నేను శాతాలు చూడడం మానేశాను. రోజులు లెక్కపెట్టేవాణ్ణి. ఈ వేగంతో పూల్ నిండడానికి ఎన్ని రోజులు, కొత్త డిస్కులకి సంతకాలయ్యి పెట్టె వచ్చేందుకు ఎన్ని రోజులు? మొదటిది తక్కువైతే ఇక కొత్త వాల్యూము ఇచ్చేవాణ్ణి కాదు. మేనేజరు ఎంత మొహం మాడ్చుకున్నా సరే. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు తెచ్చి కృష్ణలో కలిపారు. మనకి అలా కలిపేవాళ్ళు అడగ్గానే రారు.

స్నాప్‌షాటే బ్యాకప్ అని ఎవరన్నా ఒప్పుకోకు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా తాతగారి ట్రంకుపెట్టె కొట్టుకుపోయింది. దస్తావేజులూ అందులోనే, వాటి నకళ్ళూ అందులోనే. స్నాప్‌షాట్ అలాంటి నకలు. ఉన్న పూల్ లోనే ఉంటుంది, పైగా పాత బ్లాకుల్ని వదలకుండా ఆ పూల్ నే తింటుంది.

కొత్త పేర్లకి బెదరకు. 2015లో వీఎమ్‌వేర్ వాళ్ళు వీవాల్స్ తెచ్చి వర్చువల్ మిషన్ల డిస్కులకి విడివిడిగా వాల్యూములన్నప్పుడు మేమంతా మురిసిపోయాం. ఇప్పుడు వాళ్ళే వదిలించుకుంటున్నారు.

రేపు ఆఫీసుకి వెళ్ళగానే మీ పూల్ ఎలర్టు ఎవరి మెయిలుకి పోతోందో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ మామయ్య